మండువా ఇంటి మీద మోపిన నేరాలు

గోదావరి డెల్టాలో ఒక పాత మండువా ఇల్లు నేలమట్టమైన ప్రతిసారీ ఒకే మాట వింటాం: "ఆయుష్షు తీరిపోయిందండీ, ఎన్నాళ్ళని ఉంచుతాం?" అమ్మినవారు అదే అంటారు, కొన్నవారు అదే అంటారు. ఆ ఇంటి వసారాలో పాకి పెరిగిన మనవడు హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో ఫోన్లో అదే అంటాడు. ఊళ్ళోవాళ్ళు కాసేపు నిట్టూర్చి ఒప్పేసుకుంటారు. మనిషి పోయాడంటే డాక్టరు కాగితం అడిగే మనం, నూరేళ్ళు నిలబడ్డ ఇల్లు పోయిందంటే ఏ కాగితమూ అడగం. ఆ ఒక్క మాట సరిపోతుంది. ఎవరూ రుజువు అడగకపోవడం వల్లనే అది లోకోక్తిగా చెలామణి అవుతోంది. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఇళ్ళ మీద మోపే నేరాలు నాకు కంఠతా వచ్చు. కర్ర పుచ్చింది. గోడ చెమ్మ పట్టింది. వానకి కారుతుంది, ఎండకి ఉడుకుతుంది, తుపానుకి ఎగిరిపోతుంది. నడిమధ్యన అంత జాగా ఆకాశానికి వదిలేయడం దండగ. ఏటా మరమ్మతులు ఎవరు చేయిస్తారు? వాటాదారులు ఒప్పుకోరు. ఇవన్నీ అయ్యాక చదువుకున్నవారు చివర్లో ఇంకొకటి కలుపుతారు: అవి కామందుల ఇళ్ళు, కులాన్ని బట్టి గడప దగ్గరే మనిషిని ఆపేసిన ఇళ్ళు, పోతే పోనీ. వీటిలో కొన్నిటికి నిజం తోడుంది, దాన్ని నేను దాచను. కానీ అన్నీ కలిపి ఇచ్చే తీర్పు, కూల్చడం తప్ప దారి లేదన్నది, నిజం కాదు. మండువా ఇల్లు వయసు మీదపడి చావదు. ముందు మరమ్మతు ఆపేస్తాం, తర్వాత తప్పుడు మరమ్మతు చేస్తాం, మనమే తెచ్చిపెట్టిన జబ్బుకు ముసలితనమని పేరు పెడతాం.

అసలు ఇవి ఎప్పటి ఇళ్ళు? "అనాదిగా మన పూర్వులు" అని మొదలుపెడితే వీటి చరిత్ర అక్కడే మాయమవుతుంది. నాలుగు పక్కలా గదులు, మధ్యలో ఆకాశం కనిపించే కట్టుబడి మన దేశంలో చాలా పాతదే. కేరళ నాలుకెట్టు, చెట్టినాడు ఇళ్ళు ఆ కుదురుకు చెందినవే. అయితే కోనసీమలో, తణుకు, భీమవరం చుట్టుపక్కల ఊళ్ళలో, రాజమండ్రి పాత పేటల్లో ఇవాళ మనకు కనిపించే పెద్ద మండువా లోగిళ్ళలో చాలా వాటి వెనక ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. 1847లో పని మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందు కరవుకూ వరదకూ మధ్య నలిగిన నేలకు కాలవలు వచ్చాయి. వరి పండింది. రైతు ఇంట్లో తిండికి పోను గింజ మిగిలింది, గింజ డబ్బయింది, డబ్బు ఇల్లై నిలబడింది. ఏజెన్సీ అడవుల టేకు తెప్పలుగా కట్టి గోదావరి మీద కిందికి దింపారు. కూలికోసం వేలమంది సముద్రం దాటి బర్మా వెళ్ళిన రోజుల్లోనే బర్మా టేకు ఓడల మీద ఇటు వచ్చింది. 1865లో బాసెల్ మిషన్‌వారు మంగళూరులో పెట్టిన కార్ఖానాతో మొదలైన మరపెంకు మెల్లగా మన ఊళ్ళకూ చేరి, బంగాళా పెంకు అన్న పేరుతో, కుమ్మరి చేతి గూన పెంకు పక్కన చోటు సంపాదించుకుంది.

అంటే కట్టిననాటికి ఇవి కొత్త రకం ఇళ్ళు. కాలవ నీరు, రేవు వ్యాపారం, మరపెంకు, దూరదేశపు కర్ర, ఇవన్నీ కలిసివచ్చిన ఆధునిక కాలపు ఇళ్ళు. వాటిని వేదకాలం నాటివన్నట్టు భక్తిగా చూసేవారూ, పనికిరాని పాతచింతకాయ పచ్చడిగా తోసేసేవారూ ఇద్దరూ ఈ సంగతి మరిచారు. కాటన్ దొర విగ్రహానికి ఏటా దండ వేస్తాం. ఆయన కట్టించిన ఆనకట్టతో మారిన బతుకుకు ఊరూరా మిగిలిన సాక్ష్యాన్ని మాత్రం లారీకెత్తి పంపిస్తున్నాం.

ఇక బలం సంగతి. మాటలతో తేలే విషయం కాదు కాబట్టి, ఇంకా నిలిచివున్న ఏ మండువా ఇంట్లోనైనా లోపలి మూల దగ్గర నిలబడి తల పైకెత్తి చూడండి. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి నాలుగు మూలల్లో కలుస్తాయి. ఆ కలిసే గీత వెంటే వాన నీరు అన్నిటికంటే ఎక్కువగా పారుతుంది. అందుకే అక్కడ వేసే మూలవాసం మిగతా వాసాలకంటే లావుగా ఉంటుంది, దాని కొస కింద స్తంభం తప్పనిసరి. మూలవాసానికి రెండు పక్కలా వచ్చి ఆనే వాసాలు ఒక్కొక్కటీ ఒక్కో పొడవు. ప్రతిదాని చివరా ఏటవాలుగా, దాని కోణానికి తగ్గట్టు కోయాలి. ఒక్కటి అంగుళం తప్పినా పెంకు వరస కుదరదు, నీరు లోపలికి దిగుతుంది. మూలమట్టం, దారం, ఉలి, బాడిత పట్టుకున్న వడ్రంగి ఈ లెక్కంతా చేతిలోనే తేల్చాడు.

అక్కడే ఇంకొంచెం ముందుకు జరిగి, దూలం స్తంభంతో కలిసే చోటు చూడండి. దూలం చివర కుసి చెక్కి, స్తంభం తలలో బెజ్జం తొలిచి, రెండిటినీ బిగించి అడ్డంగా చెక్క మేకు దిగగొట్టి ఉంటారు. ఇనుము వాడకం తక్కువ. ఉప్పుగాలి తగిలే నేలలో ఇనుము తుప్పు పట్టడమే కాక తన చుట్టూ ఉన్న కర్రను కూడా తినేస్తుంది. చెక్క మేకు తీస్తే అతుకు విడుతుంది. దూలం దూలంగా, వాసం వాసంగా చేతికి వస్తుంది. పుచ్చిన వాసం ఒక్కటే మార్చవచ్చు. పగిలిన పెంకు ఒక్కటే మార్చవచ్చు. స్తంభం కింది భాగం చెమ్మకు పాడైతే అంతవరకు కోసేసి కొత్త ముక్క అతికించవచ్చు, కింద రాతి దిమ్మ ఎత్తు పెంచవచ్చు. ముక్కముక్కగా మార్చుకోగలిగేలా కట్టిన ఇంటికి ఆయుష్షు అన్న మాటే అతకదు. ఎన్నాళ్ళు మారుస్తూ ఉంటే అన్నాళ్ళు నిలుస్తుంది.

మనం బలమైనదని నమ్మే స్లాబు స్వభావం దీనికి సరిగ్గా విరుద్ధం. అందులో బలాన్ని మోసే ఇనుము కాంక్రీటు లోపల కంటికి కనపడకుండా ఉంటుంది. చెమ్మ, ఉప్పు లోపలికి చేరాక ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది, పెచ్చులు రాలుతాయి. సముద్రం దగ్గర, ఉప్పుతగిలిన ఇసుకతో, క్యూరింగు సరిగా లేకుండా పోసిన స్లాబుల్లో ఇది ముప్పై నలభై ఏళ్ళకే మొదలవడం తీరం వెంబడి ఏ ఊళ్ళోనైనా చూడొచ్చు. ఎనభైల్లో పెంకుటిల్లు పడగొట్టి కట్టుకున్న డాబాల్లో ఇవాళ వంటింటి కప్పు ఊచలు బయటపడి ఉన్నవి ఎన్నో. అక్కడ ఒక ఊచను ఊడదీసి మార్చడం కుదరదు. కాంక్రీటు చెడ్డదని నేననడం లేదు. శ్రద్ధగా కడితే అదీ చాలాకాలం ఉంటుంది. రెండు తరాలు చూడకుండానే కుంగిన డాబాను "మరమ్మతు చేయించాలి" అంటూ, నాలుగు తరాలు మోసిన పెంకుటిల్లును "ఆయుష్షు తీరింది" అనడంలో ఉన్న అన్యాయం గురించి మాట్లాడుతున్నాను.

ఈ అన్యాయాన్ని రుజువు చేసే మనిషి ఒకడున్నాడు. పాత కలప వ్యాపారి. ఇల్లు కూల్చే మాట పొక్కగానే ముందు వచ్చేది ఆయనే. గోడల వంక చూడడు. అటక ఎక్కి దూలాన్ని గోటితో గీరి, సుత్తితో తట్టి చప్పుడు వింటాడు. ద్వారబంధం వెడల్పు జానతో కొలుస్తాడు. స్తంభాలు లెక్కపెట్టుకుంటాడు. వాటాదారులు పుచ్చు కర్ర అనుకున్నదానికి రేటు కడతాడు, తీసుకెళ్ళి రంపానికి పెట్టి కొత్త తలుపులు చేయిస్తాడు. నిలువుగా ఉన్న స్తంభాలు ఏ రిసార్టు వాకిట్లోకో, ఏ ఫామ్‌హౌస్ వరండాలోకో చేరి మళ్ళీ బరువు మోస్తాయి. కర్ర నిజంగా పుచ్చిపోయి ఉంటే ఆయన ఎందుకు కొంటాడు? నూరేళ్ళు దాటిన టేకు చేవ మీద ఆయనకున్న నమ్మకం ఇంటి వారసులకు లేకపోయింది. వాళ్ళు సున్నా కట్టిన సరుకుతోనే ఆయన వ్యాపారం సాగుతోంది.

మరి గోడల చెమ్మ? అది నిజం. చాలా పాత ఇళ్ళలో గోడ అడుగున మూడు నాలుగడుగుల దాకా నల్లగా, ఉబ్బుగా కనిపిస్తుంది. అయితే అది ఎప్పుడు మొదలైందో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. చాలా చోట్ల జవాబు ఒకటే: సిమెంటు పూత పూయించిన తర్వాత. ఈ గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఏళ్ళ తరబడి మెల్లగా రాయిగా మారుతుంది. వెంట్రుకంత పగులు వస్తే, వాన చెమ్మకు కాస్త సున్నం కరిగి ఆ సందులో చేరి మళ్ళీ గట్టిపడుతుంది. నేలలోంచి గోడలోకి ఎక్కిన తడి సున్నపు పూతలోంచి ఆవిరై బయటికి పోతుంది. అలాంటి గోడకు రెండు పక్కలా సిమెంటు పూస్తే తడి పోయే దారి మూసుకుపోతుంది. లోపలే పైకి పాకుతుంది, ఉప్పు పేరుకుంటుంది, ఇటుక పొడి రాలుతుంది. చివరికి గోడలోకి దిగిన దూలం తల నానుతుంది. అక్కడ, ఎవరికీ కనపడని చోట, కర్ర నిజంగానే పుచ్చుతుంది. "గట్టిగా ఉంటుందని" పూయించిన పూతే ఇంటిని తినేసింది.

దీనికి తోడు రోడ్డు. పాత ఇళ్ళను వీధికంటే నడుమెత్తున పునాది లేపి కట్టారు. అరుగు ఎక్కాలంటే మెట్లు ఉండేవి. డెల్టాలో వరద ఎరిగినవాళ్ళ జాగ్రత్త అది. ఆ తర్వాత వీధి మీద కంకర, తారు, సిమెంటు ఒకదాని మీద ఒకటి వేస్తూ పోయారు. పాతది తవ్వి వేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మెట్లు ఒక్కొక్కటే నేలలో కలిసిపోయాయి, అరుగు వీధికి సమానమైంది, కొన్ని చోట్ల ఇల్లే పల్లమైంది. వాన పడితే కాలవ నీళ్ళు గడప దాటుతున్నాయి. దాన్ని కూడా ఇంటి ఖాతాలోనే రాశాం. ఇంకొందరు మండువా మీద ప్లాస్టిక్ రేకు కప్పించి గాలి ఆడకుండా చేశారు, ఒక పక్క పెంకు దించి స్లాబు వేయించి దాని బరువు పాత గోడ మీద పెట్టారు. ఒక్కొక్కటీ చిన్న పనే. అన్నీ కలిస్తే ఇల్లు మంచం పట్టింది.

తుపాను దగ్గర నేను వాదన గెలవాలని చూడను. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6 కోనసీమ తుపాను చూసిన తీరానికి డాబా అంటే ప్రాణరక్షణ. ఉప్పెన ముంచిన ఊళ్ళలో పక్కా కప్పు ఎక్కి బతికిన మనిషికి పెంకుటిల్లు అందం గురించి చెప్పే హక్కు నాకు లేదు. పెంకు ఎగురుతుంది, అదీ నిజమే. కానీ ఈ భయాన్ని ఎక్కడ దాకా లాగుతున్నామో చూడాలి. ఆ తుపానుల్లో ఎక్కువగా నేలకరిచినవి తాటాకు పాకలు, మట్టిగోడల ఇళ్ళు. వాటిలో ఉన్నది పేదలు. వాళ్ళకు గట్టి ఇళ్ళు కట్టివ్వాల్సిందే. తుపాను షెల్టర్లు ఉండాల్సిందే. ఆ కారణం చూపి, సముద్రానికి దూరంగా రాజమండ్రి నడిబొడ్డున, మూరెడు మందం ఇటుక గోడల ఇంటిని కూల్చడం ఎలా సమర్థిస్తారు? ఎగిరిన పెంకు మళ్ళీ వేయించుకోవచ్చు. గాలికి లేచే అంచు వరసలను కట్టుదిట్టం చేయించే పద్ధతులు, వాసాన్ని గోడకు పట్టీతో బిగించే పద్ధతులు ఇవాళ ఉన్నాయి. ఏ ఇల్లు ఎక్కడ ఉందో చూసి చెప్పాల్సిన మాటను అన్ని ఇళ్ళకూ పులిమేశారు.

ఎండ సంగతికి వస్తే, ఈ నేరం మోపినవారిది నాకు అర్థం కాని ధైర్యం. మే నెలలో డెల్టా ఉక్కపోత భరించడం కష్టం. ఆ చెమ్మగాలిలో నీళ్ళు చల్లుకుంటే చల్లదనం రాదు, గాలి కదలాలి. మండువా చేసే పని అదే. ఎండకు మధ్యలోని గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దాని చోటులోకి వసారాల నీడలోంచి, వీధి గుమ్మంలోంచి, పెరటి గుమ్మంలోంచి గాలి వస్తుంది. వీధి గుమ్మం, నడిమి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉండడం అందుకే. మందపు గోడ పగటి వేడిని లోపలికి రానీయడానికి చాలాసేపు పడుతుంది. పెంకు కింద అటక ఉన్న గదిలో ఆ రెండిటి మధ్య గాలి కవచంలా పనిచేస్తుంది. స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రంతా మంచం మీద పడుకున్న మనిషి మీదికి కక్కుతుంది. పై అంతస్తు ఫ్లాటులో ఏసీ లేకుండా వేసవి గడపలేమని మొరపెట్టుకునేవారే మండువా ఇల్లు ఉడుకుతుందని చెప్పడం వింటే, వారు ఆ ఇంట్లో చివరిసారి పడుకుని ఎన్నేళ్ళయిందోనని అనుమానం వస్తుంది. బ్రహ్మస్థానం, వాస్తు అంటూ దీనికి వేరే మహిమలు అంటగట్టక్కర్లేదు. గాలి నడిచే దారి తెలిసి కట్టిన ఇల్లది, అంతే.

జాగా దండగ అన్న మాటకు జవాబు ఏ అపార్ట్‌మెంటులోనైనా వెనక వైపుకెళ్ళి చూస్తే దొరుకుతుంది. నేటి భవన నిబంధనలు కూడా ఖాళీ వదలమంటాయి, కాకపోతే ఇంటి చుట్టూ. నాలుగు పక్కలా వదిలిన ఆ సన్నటి సందుల్లో ఏసీ యంత్రాలు, పైపులు, చెత్త. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. స్నానాల గదుల మధ్య వదిలిన డక్టులో వెలుతురు కింది అంతస్తు దాకా దిగదు. మండువా ఇల్లు అదే ఖాళీని తెచ్చి మధ్యలో పెట్టింది. అక్కడ వడియాలు ఎండాయి, పెళ్ళి పందిరి పడింది, వాన నీరు గంగాళాల్లో నిండింది, పసిపిల్లలు వీధి భయం లేకుండా ఆడుకున్నారు. ఒకే ఖాళీ అన్ని గదులకూ వెలుతురిచ్చింది. రెండిట్లో ఏది దండగో కొలిచి చెప్పమంటే నేను సిద్ధమే.

ఖర్చు దగ్గర నిజమైన ముడి ఉంది. ఏటా వానాకాలం ముందు కప్పు ఎక్కి పెంకు సర్దించడం, చూరు చూసుకోవడం, సున్నం వేయించడం, చెద చూడడం, ఇదంతా పని. ఆ పని తెలిసినవాళ్ళు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళు కూలి ఎక్కువ అడుగుతారు, అడగాలి కూడా. అయితే ఈ ఖర్చును దేనితో పోలుస్తున్నాం? కూల్చి కట్టే ఖర్చు బిల్డరు పెడతాడు కాబట్టి వాటాదారుకు అది సున్నాగా కనిపిస్తుంది. మరమ్మతు ఖర్చు తన జేబులోంచి పోతుంది కాబట్టి కొండంతగా కనిపిస్తుంది. పైగా స్థలానికి విలువ కట్టే పద్ధతిలో పాత ఇంటికి ఏళ్ళు గడిచేకొద్దీ విలువ తరుగుతూ పోతుంది, అది ఎంత బాగున్నా సరే. లెక్క మొదటి అంకెలోనే ఇల్లు ఓడిపోయింది. వయసును బట్టి కాక స్థితిని బట్టి విలువ కట్టి, మరమ్మతుకు తేలిగ్గా అప్పు ఇచ్చి, ఇంటిపన్నులో కొంత తగ్గిస్తే ఎందరు వారసులు మనసు మార్చుకునేవారో మనం ఇంతవరకు పరీక్షించి చూడనే లేదు.

వాటాల పేరు చెప్పి ఆడపిల్లల మీదికి నేరం తోసే మాట కూడా విన్నాను. 1986లో మన రాష్ట్రం కూతుళ్ళకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇస్తూ చట్టం చేసింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. "అప్పటినుంచే ఇళ్ళు నిలవడం లేదు" అనేవారికి సిగ్గుండాలి. కొడుకులు మాత్రమే పంచుకున్న రోజుల్లో మండువాకు అడ్డంగా గోడలు కట్టిన ఇళ్ళు ఎన్ని లేవు? అన్నదమ్ములు చెరో పక్క వంటిల్లు పెట్టుకుని, మధ్య స్తంభాన్ని కూడా సగం చేసుకోలేక కొట్లాడుకున్న కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. హక్కు పంచుకోవడం వేరు, ఇటుక పంచుకోవడం వేరు. ఒకరు ఉంచుకుని మిగతావారికి డబ్బు చెల్లించవచ్చు, అందరి పేర్న ఉంచి అద్దెకివ్వవచ్చు. నా అనుభవంలో, పెరట్లో మందారం ఎవరు నాటారో గుర్తుపెట్టుకుని ఇల్లు ఉంచుదామని చివరిదాకా పట్టుబట్టేది ఎక్కువగా అత్తారింటికి వెళ్ళిన కూతుళ్ళే.

అన్నిటికంటే బరువైన నేరం చివరిది. కామందుల ఇళ్ళు, కులపు ఇళ్ళు. దీన్ని తోసిపుచ్చను. మండువా ఇంటి గుమ్మాలు ఎవరు ఎంతవరకు రావచ్చో చెప్పిన గుమ్మాలు. కొందరికి అరుగు దాకా, కొందరికి వీధిలోనే, పాలేరుకు పెరటి దారి. ముట్టయిన ఆడవాళ్ళు కూర్చున్న వెనక పంచ, తల చెడిన విధవరాలు బతుకంతా గడిపిన చీకటి గది, ఇవన్నీ ఆ నేల మీదే ఉన్నాయి. కానీ ఈ సంగతులు తెలిసినవారు ఇంటిని కాపాడమనాలి గాని కూల్చమనడం ఏమిటి? ఆ గది ఎంత ఇరుకో, దానికి కిటికీ ఎంత పైనుందో చూపించే రుజువు గోడ తప్ప మరొకటి లేదు. వారసులు రాసుకునే వంశచరిత్రల్లో ఆ గది ఉండదు. ఇల్లు పోయాక మిగిలేది తాతగారి దానధర్మాల కథలే. ఇల్లు కూలినా కులం కూలలేదనడానికి ఫ్లాటు అద్దెకు వెళ్ళినప్పుడు ఇంటివాళ్ళు వేసే మొదటి ప్రశ్నే చాలు.

ఇంకొకటి కూడా ఆ గోడలే చెబుతాయి. 1881 డిసెంబరు 11న తెలుగునాట మొదటి వితంతు వివాహం రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇంట్లో జరిగింది. ఆ ఇల్లు ఇవాళ రక్షిత కట్టడంగా నిలిచివుంది. పుస్తకంలో చదివిన ఆ పెళ్ళి వేరు, ఆ గుమ్మం ముందు నిలబడి, ఊరంతా ఎదురు తిరిగిన రాత్రి ఈ గదుల్లో మనుషులు ఎంత దగ్గరగా, ఎంత బితుకుబితుకుమంటూ ఉండి ఉంటారో ఊహించడం వేరు. ఆచారాన్ని పట్టుకున్నవారూ దాన్ని ఎదిరించినవారూ ఉన్నది ఒకే రకం ఇళ్ళలో, ఒకే పేటల్లో. ఆ పోరాటపు రంగస్థలాన్ని తీసేసి పోరాటం ఒక్కటే గుర్తుంచుకోమంటే కుదరదు. పైగా ఈ ఇళ్ళు వాటి యజమానులవి మాత్రమే అనడం ఇంకొక తప్పు. డబ్బు కామందుది, ఇల్లు మాత్రం ఆ మూలవాసం కోసిన వడ్రంగిది, పెంకు కాల్చిన కుమ్మరిది, గానుగ తిప్పి సున్నం నూరి ఎత్తిన కూలివాళ్ళది. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వాళ్ళ చేతిపని మిగిలింది ఇక్కడే. బడుగుల పక్షాన మాట్లాడుతూ బడుగుల పనితనాన్నే చెరిపేయడం నాకు మింగుడుపడదు.

మన చట్టాలకు మేడలు కనిపించినంతగా ఇళ్ళు కనపడవు. హైదరాబాద్‌లో 1870 నాటి ఇర్రమ్ మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. జనం కోర్టుకెక్కారు కాబట్టి ఆ భవనం బతికింది, సంతోషం. కానీ అది నవాబు మేడ. పేటలో ఒక గుమాస్తా, ఒక ధాన్యం వ్యాపారి కట్టుకున్న ఇంటి కోసం కోర్టుకు ఎవరు వెళ్తారు? ఏ జాబితాలో దాని పేరుంది? మామూలు ఇళ్ళను కాపాడే దారిలో పుదుచ్చేరి నడిచి చూపించింది. అక్కడి తమిళ పేటలో వైశ్యాల్ వీధి అని పిలిచే కాల్వే సుబ్బరాయ చెట్టి వీధిలో, మామూలు కుటుంబాలు ఉంటున్న ఇళ్ళ ముఖాలనూ తిన్నెలనూ వరసగా బాగుచేశారు. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. జనం ఇళ్ళు ఖాళీ చేయలేదు, వీధి మ్యూజియం అయిపోలేదు. అదే పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం మన గోదావరి పాయ ఒడ్డునే ఉంది. చూసి రావడానికి దూరాభారం కూడా కాదు.

మండువా ఇంటిని ప్రేమిస్తున్నామంటూ కాంక్రీటు స్తంభానికి కర్ర రంగు పూసి, మధ్యలో అద్దాల కప్పు వేసి "మండువా విల్లా" అని అమ్మేవారి గురించి ఎక్కువ చెప్పను. ఆ అద్దం కింద గాలి ఉడుకుతుంది. అసలు ఇల్లు పోయిన చోట ఆ బొమ్మ నిలబడితే లోటు తీరినట్టు జనం నమ్మడమే అందులోని హాని.

నేను కోరుతున్నది ప్రతి పాత గోడనూ అద్దాల పెట్టెలో పెట్టమని కాదు. కొన్ని ఇళ్ళు నిజంగా చేయిదాటిపోయాయి, వాటిని దించేయాల్సిందే. ఉంటున్న ఇంట్లో మరుగుదొడ్డి, వంటగట్టు, కరెంటు, మంచినీళ్ళు ఈ కాలానికి తగ్గట్టు ఉండాలి, పెద్దవాళ్ళకు గడపలు అడ్డం కాకూడదు. పెరటి వైపు పంచలో ఇవన్నీ అమర్చుకుని మండువానూ వసారాలనూ చెక్కుచెదరకుండా ఉంచుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు కోటీశ్వరులు కారు. సంతకం పెట్టే ముందు ఒక్క పని చేయమంటున్నాను. బిల్డరు పంపిన ఇంజనీరు మాట ఒక్కటే వినకుండా, ఊళ్ళో ఇంకా మిగిలిన పాతపని వడ్రంగిని పిలిచి అటక ఎక్కించండి. దూలాల తలలు గోడలో ఎలా ఉన్నాయో, మూలవాసాలు నాలుగూ ఎలా ఉన్నాయో ఒక్కొక్కటి తట్టి చూడమనండి. ఒక పక్క సిమెంటు పూత గజం మేర కొట్టించి వెనక ఇటుక ఆరుతుందేమో ఒక వేసవి చూడండి. ఏవి మార్చాలో, ఎంతవుతుందో ఆయన చేత కాగితం మీద రాయించి, ఆ కాగితాన్ని వాటాదారులందరి ముందూ పెట్టండి. కూతుళ్ళను కూడా పిలవండి. అప్పటికీ కూల్చాలనే తేలితే కూల్చండి. కానీ ఎందుకు కూల్చామని అడిగినవారికి మాత్రం ఆయుష్షు తీరిందని చెప్పకండి.